మార్గరెటె స్టైఫ్

జర్మనీ దేశపు దక్షిణభాగమున, బ్రెంట్స్ అను చిన్న నది ఒడ్డున గీంగెన్ అను పట్టణము కలదు. దేశపటములో దానిని వెదకి పట్టుకొనుటకు కొంత ఓపిక కావలయును. ఐనను బొమ్మల వర్తకము చేయువారిలో ఆ పేరు ఎరుగనివారు అరుదు. పసిపిల్లలు పక్కలో పెట్టుకొని నిద్రించు బొచ్చు ఎలుగుబంటి బొమ్మను మీరందరును చూచియుందురు. దానిని టెడ్డీబేర్ అని పిలుతురు. ఆ బొమ్మ ప్రపంచమంతట వ్యాపించుటకు ముఖ్యకారణమైన కర్మశాల ఆ ఊరిదే. దానిని నెలకొల్పినది ఒక స్త్రీ. తెలివి వచ్చిన తరువాత ఆమె ఒక్క దినమైనను తన కాళ్లపై నడచి ఎరుగదు.

మార్గరెటె స్టైఫ్ 1847వ సంవత్సరము జూలై 24వ తేదీన జన్మించెను. నాటికి జర్మనీ ఒక్క దేశముగా ఏర్పడలేదు. గీంగెన్ వుర్టెంబర్గ్ రాజ్యములో చేరియుండెను. తండ్రి ఫ్రీడ్రిక్ స్టైఫ్ ఇండ్లు కట్టించు మేస్త్రీ. ఆయనకు మరియ, పౌలీన అను ఇద్దరు కుమార్తెలు కలిగిన పిమ్మట మూడవ బిడ్డగా మార్గరెటె పుట్టెను. తరువాత ఫ్రిట్జ్ అను కుమారుడు కలిగెను. పదునెనిమిది నెలల ప్రాయమున మార్గరెటెకు తీవ్రమైన జ్వరము వచ్చెను. జ్వరము తగ్గెను గాని, బిడ్డ కాళ్లు రెండును చచ్చుబడిపోయెను. కుడిచేయి కూడ బలము కోల్పోయెను. దానిని పైకెత్తిన నొప్పి కలుగుచుండెను. అది పోలియో అని వైద్యులు నిర్ణయించుటకే చాలకాలము పట్టెను. ఆ దినములలో ఆ వ్యాధికి టీకా లేదు. టీకా 1955లో గాని వాడుకలోనికి రాలేదు. మన దేశము 2014లో పోలియో లేని దేశముగా ప్రకటింపబడినది గనుక, నేటి బాలబాలికలకు ఈ రోగము కథలలో వినునదియే. మీ తాతల తరమువారిని అడిగినచో, తమ వీధిలో ఒకరిద్దరైనను దాని పాలబడినవారి పేర్లు వారు చెప్పగలరు.

తల్లి కష్టజీవి, మాటలో కొంత కఠినురాలు. ఇంటిచాకిరియంతయు తానే చేసికొనుచు, నడువలేని బిడ్డ గతి ఏమగునో అని ఆమె లోలోపల కుమిలిపోవుచుండెను. బిడ్డ స్వభావము మాత్రము వేరుగా నుండెను. ఆమెను ఒక చిన్న చేతిబండిలో కూర్చుండబెట్టి వీధిలోనికి తెచ్చినంతనే చుట్టుపట్ల పిల్లలందరు మూగుచుండిరి. ఏ ఆట ఆడవలయునో ఆమెయే చెప్పుచుండెను; ఆటకు రాని చంటిపిల్లలను తన బండి దగ్గర ఉంచుకొని లాలించుచుండెను. బడియీడు రాగా అక్కలు, తమ్ముడు, ఇరుగుపొరుగు పిల్లలు వంతులు వేసికొని ఆ బండిని బడికి లాగుకొనిపోవుచుండిరి. బడిగది మేడమీద ఉండెను. బడి చెంత నివసించు ఒక స్త్రీ ప్రతిదినము ఆ బాలికను చేతులలో ఎత్తుకొని మెట్లెక్కించుచుండెనట. ఆ ఇల్లాలికి ఈ కథలో దక్కినది ఇంత చోటు మాత్రమే. కాని ఆమె ఆ మెట్లు ఎక్కింపకున్నచో తక్కిన కథ ఎట్లుండెడిదో!

తొమ్మిదవయేట, అనగా 1856లో, తల్లిదండ్రులు మార్గరెటెను లుడ్విగ్స్‌బర్గ్ పట్టణమునందలి వెర్నర్ అను వైద్యుని కడకు పంపిరి. అటుపిమ్మట విల్డ్‌బాడ్ అను ఊరిలోని వేడినీటి ఊటలలో స్నానములు చేయించిరి. ఇంటికి దూరముగా నెలల తరబడి ఉండియు ఆ బాలిక దిగులు చెందలేదు. అచ్చటను స్నేహితులను సంపాదించుకొనెను. కాని కాళ్లు మాత్రము కదలలేదు. తరువాత కొన్నేండ్లవరకు ఇంటివారికి ఆశ చావలేదు. ఎవరో ఒకరు ఒక మందు చెప్పుదురు, దానికై కొంత సొమ్ము, కొంత కాలము వెచ్చింతురు, ఫలితము శూన్యము. పదునేడేండ్ల ప్రాయము వచ్చునప్పటికి మార్గరెటె ఒక నిశ్చయమునకు వచ్చెను. కుదరని దానిని వెదకుచున్నంతకాలము మనస్సునకు నెమ్మది యుండదనియు, ఇక ఆ వెదకులాట చాలించి ఉన్నవానితోనే బ్రతుకు దిద్దుకొనవలయుననియు ఆమె తలంచెను. పెద్ద వయస్సులో తన జీవితమును గూర్చి వ్రాసికొన్న కాగితములలో ఆమె ఈ సంగతిని పేర్కొన్నది.

ఉన్నవి ఏవి? మంచి ఎడమచేయి, సగము పనిచేయు కుడిచేయి. వీనితో ఆమె కుట్టుపని నేర్చుకొన బూనెను. మొదట కుట్టుబడిలో ఆమె చేతి కుట్టు వంకరలు పోవుచుండెను. తోడి బాలికలు ఒక పూటలో ముగించు పని ఆమెకు దినములు పట్టుచుండెను. ఐనను విడువక సాధన చేసి కుట్టుపనిలో శిక్షణ ముగించెను. ఆమె అక్కలిద్దరు దుస్తులు కుట్టు దుకాణము నడుపుచుండిరి. మార్గరెటెయు వారితో కలిసి పనిచేసెను. జితార్ అను తంత్రీవాద్యమును నేర్చి, దానిని పిల్లలకు నేర్పి కొంత ధనము కూడబెట్టెను. ఆ ధనముతో ఒక కుట్టుయంత్రము కొనెను. గీంగెన్ పట్టణమునకు వచ్చిన మొదటి కుట్టుయంత్రము అదియే అని చెప్పుదురు.

ఇచ్చట ఒక చిక్కు ఏర్పడెను. కుట్టుయంత్రమును మీరు చూచియే యుందురు. దాని చక్రము కుడివైపున ఉండును. కుడిచేతితో చక్రము త్రిప్పుచు ఎడమచేతితో గుడ్డను జరుపవలయును. కాలితో త్రొక్కుటకు మార్గరెటెకు కాళ్లు లేవు. చేతితో త్రిప్పుటకు కుడిచేతిలో సత్తువ లేదు. వేరొకరైనచో యంత్రమును తిరిగి అమ్మివేసియుందురు. ఆమె యంత్రమును వెనుక ముందుగా త్రిప్పి పెట్టెను. అప్పుడు చక్రము ఎడమచేతి వైపునకు వచ్చెను. గుడ్డ తన వైపునుండి పోవుటకు బదులు తన వైపునకు వచ్చుచుండును. సూది ఆవలి ముఖమున ఉండును. చూపు, చేయి రెండును తలక్రిందులుగా అలవాటు పడవలయును. అట్లే అలవాటు చేసికొని ఆమె జీవితాంతము కుట్టెను. ఆమెకు తరువాత వచ్చిన బంగారు పతకములకంటె ఈ చిన్న పని గొప్పదని నా అభిప్రాయము.

అక్కలు పెండ్లిండ్లు చేసికొని వెడలిపోయిన తరువాత తండ్రి ఇంటిలోనే ఆమెకు ఒక కుట్టుగది ఏర్పాటు చేసెను. 1877లో ఆమె ఫెల్టు దుస్తుల దుకాణము తెరచెను. ఫెల్టు అనగా నేసిన గుడ్డ కాదు. ఉన్నిని తడిపి, వేడిచేసి, అదిమి అట్టవలె దళసరిగా చేసిన గుడ్డ. దానికి పడుగు పేకలు లేవు గనుక కత్తిరించిన అంచున దారములు ఊడిరావు. అంచు మడిచి కుట్టవలసిన పనియు లేదు. గీంగెన్‌లో ఆమె బంధువులకు ఫెల్టు కర్మశాల యుండుటచే సరకు సులభముగా దొరకెను. ఫెల్టు లోపావడలు, పిల్లల కోట్లు కుట్టి ఆమె అమ్మెను. గిరాకీ పెరుగగా కొందరు స్త్రీలను పనిలో పెట్టుకొనెను. ఇరువదేండ్ల క్రిందట ఈ బిడ్డను ఎవరు పోషింతురో అని తల్లి విలపించెను. ఇప్పుడు ఆ బిడ్డయే పదిమందికి కూలి ఇచ్చుచుండెను.

ఇక బొమ్మల మాట. 1879వ సంవత్సరాంతమున ఒక దుస్తుల పత్రికలో చిన్న ఏనుగు నమూనా ఆమె కంటబడెను. ఆ నమూనాను అనుసరించి ఫెల్టు కత్తిరించి, లోపల మెత్తని గొఱ్ఱెపిల్ల ఉన్ని కూరి, 1880లో ఆమె కొన్ని ఏనుగులు కుట్టెను. అవి ఆటబొమ్మలుగా చేసినవి కావు. కుట్టుపని చేయు స్త్రీలు గుండుసూదులు గ్రుచ్చుకొనుటకు చేసిన దిండ్లు. తెలిసినవారికి వానిని కానుకగా ఇచ్చెను. కాని తల్లులకు ఇచ్చిన ఏనుగులు పిల్లల చేతులలో తేలుచుండెను. ఆ కాలమున బొమ్మలన్నియు కొయ్యవి, తగరపువి, పింగాణివి. క్రిందపడిన పగులును, లేదా తగిలిన గాయము చేయును. మెత్తని ఏనుగును పిల్లవాడు కౌగిలించుకొని పండుకొనవచ్చును. తమ్ముడు ఫ్రిట్జ్ ఈ సంగతి కనిపెట్టి, ఒక సంచెడు ఏనుగులను హైడెన్‌హైమ్ సంతకు తీసికొనిపోయి అమ్మి, ఖాళీసంచితో తిరిగివచ్చెను. 1886 నాటికి అయిదువేలకు పైగా ఏనుగులు అమ్ముడయ్యెను. ఏనుగు వెంట కోతి, గాడిద, గుఱ్ఱము, ఒంటె, పంది, ఎలుక, కుక్క, పిల్లి బయలుదేరెను.

1893లో ఆ దుకాణము ఫెల్టుబొమ్మల కర్మశాలగా నమోదయ్యెను. ఆ యేడే లైప్‌జిగ్ నగరపు సంతలో స్టైఫ్ బొమ్మలను తొలిసారి ప్రదర్శించిరి. నేను చిరకాలముగా నివసించుచున్న లాలాగూడలో రైలుపెట్టెల కర్మశాల వెలసినదియు 1893లోనే. ఒకటి ఇనుపది, వేరొకటి ఉన్నిది. ఒకదానికొకటి ఏ సంబంధమును లేదు. ఐనను సంవత్సరములను గుర్తుంచుకొనుటకు ఇట్టి జతలు పనికివచ్చునని నేను తరగతిలో చెప్పుచుండెడివాడను.

కర్మశాల పెద్దదైనను మార్గరెటె ఒక నియమమును వదలలేదు. ఏ కొత్త బొమ్మయైనను మొదట తన చేతిలోనికి రావలయును. కుట్టు గట్టిగా నున్నదా, కూరిన ఉన్ని ఒక మూలకు జారుచున్నదా, పిల్లలకు గ్రుచ్చుకొను కొన ఏదైన నున్నదా అని ఆమె తానే పరీక్షించుచుండెను. సరకు చౌకగా చేసి ఎక్కువ అమ్ముటకంటె మంచి సరకు చేసి తగిన వెల అడుగుట మేలని ఆమె నమ్మకము. పిల్లలకు ఇచ్చుదానిలో తక్కువరకమునకు చోటు లేదని ఆమె పనివారికి బోధించుచుండెను.

ఫ్రిట్జ్ కుమారులు పలువురు మేనత్త వ్యాపారములో చేరిరి. వారిలో రిచర్డ్ అనువాడు స్టుట్‌గార్ట్ నగరమున చిత్రకళ, శిల్పకళ అభ్యసించి 1897లో వచ్చి చేరెను. చదువుకొను దినములలో అతడు జంతుప్రదర్శనశాలకు పోయి ఎలుగుబంట్లను చూచుచు గంటలకొలది వాని బొమ్మలు గీయుచుండెడివాడు. 1902లో ఆ చిత్రముల ఆధారముగా ఒక ఎలుగుబొమ్మకు రూపు కల్పించెను. దాని ఎత్తు యాబదియైదు సెంటీమీటర్లు. దేహము ఫెల్టుతో గాక అంగోరా మేక బొచ్చుతో నేసిన గుడ్డతో చేయబడెను. కాళ్లు, చేతులు, తల కదలునట్లు కీళ్లు అమర్చబడెను. అంతకుముందు బొమ్మ జంతువులు నిలిచిన చోటనే నిలుచునవి. ఇది కూర్చుండును, చేయి చాచును, తల త్రిప్పును.

మార్గరెటెకు ఈ ఎలుగు నచ్చలేదు. మేకబొచ్చు గుడ్డ వెల ఎక్కువ. బొమ్మ బరువు ఎక్కువ. భయము గొలుపు అడవి మృగమును పసిపిల్లలకు ఎవరు కొనియిత్తురని ఆమె సందేహము. ఐనను ఆమె మేనల్లుని చేయి పట్టి ఆపలేదు. తన సందేహమును చెప్పి, ప్రయత్నింపుమని అనుమతించెను. 1903 మార్చిలో లైప్‌జిగ్ సంతలో ఆ ఎలుగును పెట్టిరి. బేరగాండ్రు చూచి, తల పంకించి ముందునకు సాగిపోయిరి. సంత ముగియబోవు వేళ అమెరికానుండి వచ్చిన ఒక వర్తకుడు దానిని చేతికి తీసికొని చూచి, మూడువేల బొమ్మలు కావలయునని కోరెను.

అమెరికా వర్తకునికి ఆ ఆసక్తి ఏల కలిగెనో తెలియవలెనన్న ఆ దేశమునందలి ఒక వేట సంగతి చెప్పవలయును. 1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ రాష్ట్రమున ఎలుగుల వేటకు పోయెను. ఆయనకు ఎలుగు కనబడలేదు. తోడివారు కుక్కలతో ఒక ముసలి ఎలుగును చుట్టుముట్టి, చెట్టునకు కట్టి, కాల్చుమని ఆయనను పిలిచిరి. కట్టివేసిన జంతువును కాల్చుట వేట కాదని ఆయన నిరాకరించెను. పిల్లల పుస్తకములు పెక్కు ఇచ్చటనే ఆపి, ఎలుగు బ్రతికి అడవికి పోయినట్లు వ్రాయును. నిజమునకు అది కుక్కలచేత తీవ్రముగా గాయపడియుండెను. దాని బాధ తీరునట్లు చంపివేయుమని ఆయనయే ఆజ్ఞాపించెను. బెరీమన్ అను చిత్రకారుడు ఈ సంఘటనపై గీసిన వ్యంగ్యచిత్రము వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో వెలువడి దేశమంతట ప్రసిద్ధి చెందెను. న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ ప్రాంతములో మిఠాయి దుకాణము నడుపు మారిస్ మిక్టమ్, ఆయన భార్య రోజ్ అను దంపతులు ఒక ఎలుగుబొమ్మ కుట్టి దుకాణపు అద్దములో పెట్టిరి. టెడ్డీ అనునది అధ్యక్షుని ముద్దుపేరు. దానినిబట్టి అది టెడ్డీ ఎలుగు అయ్యెను. సముద్రమునకు ఇరువైపుల, ఒకరి సంగతి మరియొకరికి తెలియకయే, ఇంచుమించు ఒకే కాలమున ఈ బొమ్మ పుట్టెనన్న మాట. ఎవరు ముందు అని వాదులాడువారు నేటికిని కలరు. ఆ వాదులో మనము తలదూర్చనక్కరలేదు.

1904లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరపు ప్రపంచప్రదర్శనమున స్టైఫ్ ఎలుగులు పండ్రెండువేలు అమ్ముడయ్యెను. అచ్చట సంస్థకు బహుమానమును లభించెను. మొదటి ఎలుగులోని లోపములను రిచర్డ్ క్రమముగా సవరించెను. త్రాటికీళ్లు వదులగుచున్నవని వేరు పద్ధతులు ప్రయత్నించి, కడకు అట్టబిళ్లలతో కీళ్లు అమర్చెను. బొమ్మను చిన్నదిగ, తేలికగ చేసెను. చిత్రమేమన, యాబదియైదు సెంటీమీటర్ల ఆ తొలి ఎలుగులలో ఒక్కటియు నేటివరకు ఎవరికిని దొరకలేదు.

పేరు వచ్చినచోటికి నకలు కూడ వచ్చును. స్టైఫ్ ఎలుగులను పోలిన నాసిరకపు ఎలుగులు అంగళ్లలో కనబడసాగెను. కొన్నవారికి ఏది ఎవరిదో తెలియదు. చినిగిపోయిన నకలు బొమ్మ చూచి గీంగెన్ కర్మశాలను నిందింతురు. అప్పుడు ఫ్రాంజ్ అను మరియొక మేనల్లుడు ఒక ఉపాయము చెప్పెను. కాగితపు చీటి అంటించినచో ఊడిపోవును. చెవిలో చిన్న లోహపు గుండీ బిగించినచో ఊడదు. 1904 నవంబరునుండి ప్రతి బొమ్మకు ఎడమచెవిలో గుండీ అమర్చిరి. మరుసటి యేడు ఆ గుర్తును చట్టప్రకారము నమోదు చేయించిరి. నూరేండ్లు దాటినను ఆ గుండీ నేటికిని అట్లే యున్నది.

గిరాకీ పెరుగగా పాత ఇల్లు చాలలేదు. 1903లో ఉక్కు కంబములు, అద్దపు గోడలతో మూడంతస్తుల భవనము నిర్మించిరి. కుట్టుపనికి వెలుతురు కావలయును. అద్దముల గుండ మూడువైపులనుండి, నాలుగువైపులనుండి వెలుతురు ధారాళముగా వచ్చును. చలికి తాళునట్లు అద్దపు గోడలను రెండు పొరలుగ కట్టిరి. కన్నెపిల్లలు గాజు తొట్టిలో చేపలవలె కనబడుచున్నారని ఊరివారు దానికి ఒక ఎగతాళి పేరు పెట్టిరట. అట్టి కట్టడములు ఐరోపాలో అప్పటికి అపురూపము. వాస్తుశిల్పులు నేటికిని దానిని చూడబోవుదురు.

1907వ సంవత్సరమున సుమారు 9,74,000 ఎలుగులు తయారయ్యెను. కర్మశాలలో నాలుగువందలమందియు, తమ తమ ఇండ్లలో కూర్చుండి కుట్టువారు పదునెనిమిది వందలమందియు పనిచేసిరి. యంత్రము కుట్టగల అతుకులు యంత్రము కుట్టును. కాని కుట్టిన తోలును తిరగవేసి, సన్నని చెక్కపీచును కొంచెము కొంచెముగ కూరి, కీళ్లు బిగించి, కండ్లకు నల్లని గుండీలు కుట్టి, ముక్కును నల్లదారముతో దిద్దుట మనుష్యుల చేతులే చేయవలయును. ముక్కు కుట్టు ఒక వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినను ముఖము మారిపోవును. కనుకనే ఒకే నమూనానుండి వచ్చిన పది ఎలుగులను వరుసగా నిలిపిన, పదింటికి పది ముఖములు.

1906లో వ్యాపారమును మేనల్లుండ్రతో కలిసి పరిమిత సంస్థగా మార్చి, తన తరువాత పని ఆగకుండునట్లు మార్గరెటె కట్టుదిట్టము చేసెను. 1909 మే 9వ తేదీన న్యుమోనియా వ్యాధిచే ఆమె మరణించెను. అప్పటికి ఆమెకు అరువదియొక్క యేండ్లు. ఆమె పెండ్లి చేసికొనలేదు. తన మేనల్లుండ్రే ఆమెకు బిడ్డలు.

ఎలుగుబొమ్మ కథ ఆమెతో ముగియలేదు. ముఖ్యముగ 1970, 1980 దశకములనుండి అమెరికా, ఇంగ్లండు మొదలగు దేశములలో ఒక కొత్తరకము వృత్తి బయలుదేరెను. ఒక్క మనిషియే నమూనా గీసి, బొచ్చుగుడ్డ కత్తిరించి, కుట్టి, కూరి, ముఖము దిద్ది, తానే అమ్ముకొనును. ఇట్టివానిని కళాకారుల ఎలుగులందురు. చంటిపిల్లలకంటె వీనిని కూర్చి దాచుకొను పెద్దలే ఎక్కువగ కొందురు. ఒక్క బొమ్మకు కొన్ని దినములు పట్టును గనుక కర్మశాల బొమ్మతో వెలలో పోటీపడుట వారికి సాధ్యము కాదు, పోటీపడవలసినది పనితనములోనే. మన కొండపల్లిలో తెల్లపొణికి కొయ్య చెక్కి, చింతగింజల పిండి కలిపిన మక్కుతో చేతులు, కాళ్లు అతికి, రంగులు దిద్దువారి యొక్కయు, ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిమెనపై చెక్కి లక్క పట్టించువారి యొక్కయు చిక్కు అట్టిదే. అచ్చు పోసిన ప్లాస్టిక్ బొమ్మ పక్కన తమ బొమ్మను పెట్టి, దాని వెల ఎందుకెక్కువో బేరగానికి నచ్చచెప్పవలయును.

గీంగెన్‌లోని ఆ అద్దాల భవనము నేటికిని నిలిచియున్నది. ఆ ఊరిలో 2005లో బొమ్మల ప్రదర్శనశాల ఒకటి తెరచిరి. అచ్చటికి వచ్చు పిల్లలు ఎలుగుల వరుస ముందర చాలసేపు నిలుచుందురు. ఒక్కొక్క ముఖమును పరికించి చూచి, అందులో ఒకదానిని చూపి, అదియే కావలయునని పట్టుపట్టుదురు.